వరస తప్పకుండా

ప్రయోగశాల, రెండో అంతస్తు
జూన్ 20

ఒరే గునపం,

నీ ఉత్తరం అందింది. నీళ్ల ట్యాంకరు దగ్గర బకెట్ కోసం ఒకడు ఇంకొకడి చెవి కొరికాడని రాశావు. తెగిన చెవిని అదే బకెట్లో వేసి ఇంటికి పంపారన్నది మాత్రం నువ్వు కలిపిందే. చిన్నప్పుడు పిల్లి ఎలుకని పట్టిన కథ చెప్పినా ఇల్లంతా రక్తం పారించేవాడివి. ఎవరేం చెప్పినా వంగవని నాన్న నీకు గునపమని పేరు పెట్టాడు కానీ, గునపం కూడా కాస్త నెమ్మదిగానే ఉంటుంది.

ఈ ఉత్తరం వెనకే ఒక పెట్టె వస్తుంది. ఇంటికి నలభై మొక్కలు, నలభై ఇళ్లు అన్నావు కదా, అందుకని నలభై పొట్లాలు కట్టాను. చూడ్డానికి బొగ్గు పొడి. అందులో కంటికి కనపడని జీవులుంటాయి. అవి మొక్క వేళ్లలో దూరి బుడిపెలు కట్టుకుని, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి తిండి పెడతాయి. మామూలువైతే ఉప్పు తగలగానే చస్తాయి. నావి చావవు. ఎండిపోయిన ఉప్పు మడుగు ఒడ్డున అన్నీ చచ్చాక ఒక్క తుమ్మచెట్టు నిలబడి ఉంటే, దాని వేరు తవ్వి తెచ్చాను వీటిని. నాలుగేళ్లుగా పెంచుతున్నాను. పెళ్లి పెళ్లి అని పోరుపెట్టే పెద్దమ్మకి చెప్పు, నాకు కోట్లలో సంతానమని.

పొట్లాలు ఎండలో పెట్టకు. పొడిని జిగురు నీళ్లలో కలిపి, మొక్క వేళ్లు అందులో ముంచి నాటు. ప్రతి పొట్లం మీదా నంబరు ఉంటుంది. నంబరు చూసుకుని, వరస తప్పకుండా వెయ్యి. ఎందుకని అడక్కు. ఈ ఏడాది గడిచాక నేనే చెబుతాను.

మరదలికి తలనొప్పి తగ్గిందా? మీ మామగారి కోపం తగ్గదని నాకు తెలుసు కాబట్టి అడగను.

అక్క

*

పద్నాలుగో నంబరు ఇల్లు
జూలై 28

అక్కా,

చెవి సంగతి నిజం. బకెట్ సంగతి కలిపాను, ఒప్పుకుంటున్నాను.

నాటడం అయిపోయింది. నంబరు చూసుకుని, వరస తప్పకుండా వేశాను. ఎక్కడా గొడవ రాలేదు. ఈ వీధిలో అది ఎంత గొప్పో నీకు తెలియదు. ఇటు ఇరవై ఇళ్లు, అటు ఇరవై ఇళ్లు. మాది సరి వరస, రెండు నుంచి నలభై దాకా. ఎదురుగా బేసి వరస. మధ్యలో బండి పట్టేంత దారి. ఆ దారి దాటి ఎవరి కోడి వచ్చినా కాళ్లు విరిచి పంపుతారు. ఎందుకు మొదలైందో మా మామయ్యక్కూడా గుర్తులేదు, పగ మాత్రం పక్కాగా గుర్తుంది.

ఇప్పుడు భూముల ఆఫీసు వాళ్లు ఇంకో చిచ్చు పెట్టారు. వీధి చివర చవుడు నేలని నలభై చెక్కలు చేసి ఇంటికొకటి ఇచ్చారు కదా. వచ్చే జూన్‌కి సగం మొక్కలు బతికితే ఆ చెక్క ఆ ఇంటిదే. బతక్కపోతే దాన్ని లాక్కుని బతికించినవాళ్లకి పంచుతారట. మొక్కల మేస్త్రీని నేనే కాబట్టి ఎవరి మొక్క వాడినా అందరూ నా పీకే పట్టుకుంటారు. ఇప్పటికే మామయ్య కత్తి నూరుకుంటూ కూర్చున్నాడు. దేనికయ్యా అంటే, "కూరగాయలకి" అన్నాడు. ఆ కత్తి నా మోచెయ్యంత ఉంది.

ఒక్క మనిషి మాత్రం వేరు. తొమ్మిదో నంబరు సైకిల్ షాపాయన. బేసి వరసవాడైనా, నేల గునపానికి కూడా లొంగకపోతే వచ్చి నాతో పాటు గుంతలు తవ్వాడు. అన్న వరస కలిపాను ఆయనతో. మామయ్య ముందు మాత్రం "ఏమండీ" అంటాను.

నీ తమ్ముడు

*

ప్రయోగశాల
అక్టోబరు 9

ఒరే గునపం,

నిన్న గాజు పలక పగిలి అరచెయ్యి చీరుకుపోయింది. ఏడు కుట్లు. రక్తం ధారగా కారుతుంటే పక్క బల్ల ఆవిడ గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నేనేమో పలకలో ఉన్నవి పాడయ్యాయని ఏడుస్తున్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు నువ్వు చూసుంటే నవ్వేవాడివి.

ఇంకొక్క మూడు నెలలు. జనవరిలో కమిటీ ముందు ఫలితాలు పెట్టాలి. బాగుంటే ఉద్యోగం ఖాయం చేస్తారు, లేకపోతే నా బల్ల మీదికి ఇంకొకరొస్తారు. నీ చవుడు నేల మీదే నా బతుకు ఆధారపడి ఉందని నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు.

ఒక పని చెయ్యి. అక్కడొకటి ఇక్కడొకటి, నాలుగైదు మొక్కలు పీకి వేళ్లు చూడు. బుడిపెలుంటే బ్లేడుతో కొయ్యి. లోపల ఎర్రగా, మాంసం ముక్కలా ఉంటే జీవులు పని చేస్తున్నట్టు. తెల్లగా ఉంటే లేనట్టు. ఏ నంబరుది ఏ రంగో రాయి.

అక్క

*

పద్నాలుగో నంబరు ఇల్లు
నవంబరు 11

అక్కా,

నవ్వొచ్చే ఉత్తరం కాదిది.

బేసి వరస చెక్కలన్నీ పచ్చగా ఉన్నాయి. సరి వరసవన్నీ పసుపెక్కి ఎండుతున్నాయి. ఒకటో రెండో కాదు, మొత్తం. నువ్వు చెప్పినట్టు పీకి చూశాను. తొమ్మిదో నంబరు చెక్కలో వేళ్ల నిండా బుడిపెలు, కోస్తే లోపల ఎర్రగా. మా పద్నాలుగులో ఒక్క బుడిపె కూడా లేదు. ఆరులో లేదు, ఇరవైలో లేదు.

సైకిల్ షాపాయన నాతోనే ఉన్నాడు. ఆ ఎర్రటి ముక్కని వేలి మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది మా మట్టిలో ఉంది, మీ మట్టిలో లేదు, అంతేరా తమ్ముడూ. ఎవరూ ఎవర్నీ ఏమీ చెయ్యలేదు" అన్నాడు.

మావాళ్లు ఆ మాట వింటారా? బేసివాళ్లు మా గుంతల్లో ఉప్పునీళ్లు పోశారని మామయ్య అందరికీ ఎక్కించాడు. మా చెక్కలు పోతే లాభపడేది వాళ్లే కదా అంటాడు. మొన్న పట్టపగలు మావాళ్లు ఎనిమిది మంది వెళ్లి మూడో నంబరు చెక్కలో మొక్కలన్నీ నరికారు. ఆ ఇంటాయన అడ్డం వస్తే బకెట్‌తో దవడ పగలగొట్టారు. పళ్లు నాలుగు మట్టిలో పడితే ఆయన వాటిని ఏరుకుంటున్నాడు, అక్కా. సాయంత్రం వాళ్లు వచ్చి మా ఇరవై రెండో నంబరు ముసలాయన చెయ్యి గడపకి ఆనించి విరిచారు. ఆ చప్పుడు మా ఇంట్లోకి వినపడింది.

ఒక్కటే అడుగుతున్నాను. నీ పొట్లాల్లో తేడా ఏమన్నా ఉందా? నేను నంబరు ప్రకారమే ఇచ్చాను. ఏడో ఇంటికి ఏడో పొట్లం, పద్నాలుగో ఇంటికి పద్నాలుగో పొట్లం. ఒకళ్లకి ముందు ఒకళ్లకి వెనక అన్న మాట రాకూడదనే నువ్వు నంబర్లు వేశావని నీ తెలివికి మెచ్చుకున్నాను కూడా. తేడా ఉంటే చెప్పెయ్యి. వీధి మధ్య నిలబడి నేనే చెబుతాను.

తమ్ముడు

*

ప్రయోగశాల
నవంబరు 20

ఒరే గునపం,

కంగారు పడకు. పొట్లాలన్నీ ఒకే రోజు, ఒకే పొడితో, నా చేత్తో నేను కట్టినవే. చవుడు నేల ఒక్క తీరున ఉండదు. పది అడుగుల దూరంలోనే ఉప్పు రెండింతలు ఉండొచ్చు. మీ వరస చెక్కలవైపు నీరు నిలుస్తుందేమో చూడు.

జనవరి దాకా ఓపిక పట్టు. ఎవరి గొడవలోనూ తలదూర్చకు. మరదలిని నాలుగు రోజులు పెద్దమ్మ దగ్గరికి పంపు. చేతికి కుట్లు విప్పారు, ఎక్కువ రాయలేకపోతున్నాను.

అక్క

*

పద్నాలుగో నంబరు ఇల్లు
డిసెంబరు 10

అక్కా,

నీ ఉత్తరాన్ని ట్యాంకరు దగ్గర నిలబడి గట్టిగా చదివాను. పొట్లాలన్నీ ఒకటేనని మా అక్కే రాసిందని, ఆవిడ చదువుకున్నదని, అబద్ధం చెప్పదని చెప్పాను. గొడవ చల్లారుతుందనుకున్నాను. మామయ్య, "పొట్లాల్లో తేడా లేదంటే, మన గుంతల్లో వాళ్లు ఏదో పోసినట్టే కదరా" అన్నాడు. దానికి జవాబు నీ దగ్గర ఉందా?

ఆ మధ్యాహ్నమే మావాళ్లు సైకిల్ షాపు పగలగొట్టారు. అప్పుడు నేను వెళ్లలేదు. బేసివాళ్లు తిరిగి రాళ్లు విసిరితే ఒకటి నీ మరదలి నుదుటికి తగిలింది. గుమ్మంలో బట్టలు ఆరేస్తోంది, అంతే. పదమూడు కుట్లు. తెల్ల ఎముక కనపడింది. ఇప్పుడు ఎడమ కన్ను సరిగా తెరవలేకపోతోంది. కుట్లు వేస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "అన్నం పొయ్యి మీదుంది, మాడిపోతుంది" అంటూనే ఉంది.

మర్నాడు నేనూ వెళ్లాను. పదిహేడో నంబరువాడు దొరికాడు. కొట్టాను.   వాడు ముడుచుకుని పడుకున్నాక కూడా కాలితో తన్నాను. ఇంటికొచ్చి చెప్పులు కడుక్కుని అన్నం తిన్నాను. బాగానే తిన్నాను.

సైకిల్ షాపాయన ఎదురుపడి, "నీతో మాట్లాడాలిరా, మీ చెక్క గురించి" అన్నాడు. మొహం తిప్పుకున్నాను. ఇవాళ్టి నుంచి పొద్దున్నే చెక్క దగ్గర కాపలా నేనే ఉంటున్నాను. గునపం పక్కన పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉప్పు పోసేవాడు చేతికి చిక్కితే వదలను.

*

ప్రయోగశాల
డిసెంబరు 16

తమ్ముడూ,

ఇది అందగానే ఎక్కడున్నా అక్కడే కూర్చుని చదువు. చదివి వీధిలో అందరికీ వినిపించు. నన్ను తిట్టనివ్వు, చంపుతామన్నా అననివ్వు.

పొట్లాల్లో తేడా ఉంది. బేసి నంబర్లలో ఉన్నవి బతికున్న జీవులు. సరి నంబర్లలో ఉన్నవి చచ్చినవి. అదే పొడిని, అవే జీవుల్ని, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి దాంట్లో పెట్టి ఆవిరితో చంపి కట్టాను. మొక్క బతికింది బొగ్గు పొడి వల్లనా, జీవుల వల్లనా తేల్చాలంటే సగం చంపక తప్పదు. ఏది ఏదో నాటేవాడికి చెప్పకూడదు. చెబితే బతికున్నవాటికి తెలియకుండానే ఒక చెంబు ఎక్కువ పోస్తాడు. అది పరీక్ష పద్ధతి. అందులో తప్పు లేదు.

నా తప్పు వేరే ఉంది. ఇంటికి నలభై మొక్కలంటే, చెక్కలన్నిటికీ అడ్డంగా నలభై మొక్కల వరసలు ఉంటాయనుకున్నాను. ఒకటో పొట్లం ఒకటో వరసకి, రెండోది రెండో వరసకి. అప్పుడు ప్రతి ఇంట్లోనూ సగం బతికేవి, సగం పోయేవి. ఎవరూ ఎవర్నీ అనుమానించే పనే ఉండేది కాదు. నేను వరస అన్నది మొక్కల వరస. నువ్వు విన్నది ఇళ్ల వరస. నీ తప్పేం లేదు. ఆ వీధిలో బతికే ఎవరికైనా ఆ మాటకి అదే అర్థం. ఇంకొక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది, రాయలేదు.

నవంబరులో నీ ఉత్తరం చదవగానే నాకు మొత్తం అర్థమైంది. ఏడో ఇంటికి ఏడో పొట్లం అన్న ఒక్క మాటే చాలు. అయినా రాయలేదు. పరీక్ష పాడైందని తెలిస్తే కమిటీ నా మొహం కూడా చూడదు. నాలుగేళ్లు గంగలో కలుస్తాయి. రెండు నెలలు గడిస్తే చాలు, తర్వాత చెబుదామనుకున్నాను. ఒకే రోజు, ఒకే పొడి, నా చెయ్యి అని ఒక్కో మాటా నిజమయ్యేలా వెతికి వెతికి రాశాను. దాన్ని నువ్వు వీధిలో నిలబడి చదువుతావని కలలో కూడా అనుకోలేదు. మరదలి నుదుటి మీద రాయి నేను విసిరిందే.

ఎవరూ ఉప్పు పొయ్యలేదు. కాపలా మానెయ్యి. గునపం షెడ్డులో పడేసి తాళం వెయ్యి. సెలవు దొరకగానే నేనూ బయల్దేరుతాను.

అక్క

*

జైలు, మూడో గది
జనవరి 4

నీ ఉత్తరం ఇవాళ ఇచ్చారు. ముందు జైలు గుమాస్తా విప్పి చదివాడట. "చచ్చినవంటే ఏంటయ్యా, విషమా?" అని అడిగాడు. అది పద్నాలుగో నంబరింటికి డిసెంబరు ఇరవైన చేరింది. నేను పద్దెనిమిదినే చంపాను. నువ్వు వచ్చి గేటు దగ్గర రెండు రోజులు కూర్చున్నావని చెప్పారు. నేనే రానివ్వద్దన్నాను.

ఎవర్ని చంపానో నీకు చెప్పే ఉంటారు. ఎలా చంపానో నేను చెబుతాను.

అప్పుడే తెల్లవారింది. మా చెక్కలో వంగి ఎవరో డబ్బాలోంచి గుంతలో పోస్తున్నారు. వెనక నుంచి వెళ్లాను. గునపంతో భుజం మీద కొట్టాను. ఎముక విరిగింది. ఆయన పడి, నా వైపు తిరిగి, "మట్టిరా తమ్ముడూ, మట్టి" అన్నాడు. విన్నాను, అక్కా. స్పష్టంగా విన్నాను. విని కూడా రెండోసారి ఎత్తి తల మీద కొట్టాను.

తర్వాత డబ్బా చూశాను. ఉప్పు కాదు. తన చెక్కలో మొక్కల మొదళ్లు తవ్వి తెచ్చిన మట్టి. అందులో వేర్ల ముక్కలు, వాటికి బుడిపెలు. కొన్ని చితికి ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపూ ఆయన తలలోంచి వస్తున్న ఎరుపూ ఒకటే రంగు. తన మట్టిలో ఉన్నది మా మట్టిలో లేదని నవంబరులోనే అన్నాడు కదా. అప్పటినుంచీ పొద్దున్నే వచ్చి కాస్త కాస్త పోస్తున్నాడట. షాపు పగిలాక కొన్నాళ్లు ఆగి, ఆ రోజే మళ్లీ వచ్చాడు. తనవాళ్లకి తెలిస్తే వాళ్లు చంపుతారు, మావాళ్లకి తెలిస్తే మేం చంపుతాం. అందుకే చెప్పకుండా చేశాడు. చెప్పబోయిన రోజు నేను మొహం తిప్పుకున్నాను. చదువుకోని ఆ మనిషి ఒక్క బుడిపె చూసి నీ పరీక్ష మొత్తం తేల్చేశాడు.

మొదటి దెబ్బ నీది. రెండోది నాది. జడ్జిగారు రెండూ నావేనంటారు, అననీ.

ఒక్కటే అడుగుతున్నాను. ఆయన మట్టి పోసిన మొక్కలు ఏమయ్యాయో వెళ్లి చూసి రాయి. ఈసారి ఒక్క ముక్క దాచినా నువ్వు నాకు అక్కవి కావు.

*

మొక్కల షెడ్డు
ఫిబ్రవరి 16

తమ్ముడూ,

దాచకుండా రాస్తున్నాను.

కమిటీకి అంతా చెప్పాను. నా బల్ల మీదికి వేరేవాళ్లు వచ్చేశారు. దాని గురించి ఇంతకంటే రాయడానికేమీ లేదు.

మీ వీధిలో ట్యాంకరు వెనక మెట్టు ఎక్కి, నవంబరులో నేను రాసిన ఉత్తరం, డిసెంబరులో రాసింది, రెండూ చదివాను. సగంలో రాయి వచ్చింది, పెదవి చీలింది. ఏ వరస నుంచి వచ్చిందో చూడలేదు. మిగతా సగం కూడా చదివాను. మీ మామగారు, "అల్లుణ్ని తప్పించడానికి అక్క అల్లిన కథ" అని ఉమ్మేసి లోపలికి వెళ్లారు. మరదలు గుమ్మంలోనే నిలబడింది. కన్ను ఇప్పుడు సగం తెరుచుకుంటోంది. తొమ్మిదో నంబరావిడ దారి దాటి వచ్చి నన్ను కొట్టింది. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టింది. ఇటువాళ్లు గానీ అటువాళ్లు గానీ ఆపలేదు. నేనూ ఆపమనలేదు. కొట్టడం అయ్యాక, "ఆయన ఎక్కడెక్కడ పోశాడో నాకు తెలుసు. రా" అంది.

నీ చెక్కలో పదకొండు మొక్కలకి పోశాడు. నాలుగు చచ్చాయి. ఏడు పచ్చబడ్డాయి. ఒకదాని పక్కన తవ్వి ఒక్క బుడిపె కోసి చూశాను. ఎర్రగా ఉంది. నా చేతిలో చాలాసేపు పెట్టుకుని కూర్చున్నాను. నాలుగేళ్లలో ఎన్ని వేలు కోశానో, ఒక్కదాన్నీ ఇలా పట్టుకుని కూర్చోలేదు.

ఇప్పుడు పొద్దున్నే ఆవిడ తన చెక్కలో మట్టి తవ్వుతుంది, నేను మోస్తాను. ఆవిడ నాతో మాట్లాడదు. బేసివాళ్లు ఆవిడ తలుపు మీద పేడ కొట్టారు, సరివాళ్లు నా షెడ్డు తాళం విరగ్గొట్టి పారలు ఎత్తుకెళ్లారు. రెండు వరసలూ కలిసిపోయాయని రాస్తే నీకు మనశ్శాంతిగా ఉంటుంది. కలవలేదు. నిన్న ఆరో నంబరు పెద్దావిడ మాత్రం గోడ పక్కన ఖాళీ డబ్బా ఒకటి పెట్టి, మాకేసి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. మట్టి నింపి పెట్టాం.

పన్నెండో మొక్క సంగతి కూడా రాయాలి. ఆయన పడిపోయింది అక్కడే. డబ్బా అక్కడే ఒరిగింది. మొక్క నీ గునపం కింద పడి మొదటికంటా విరిగిపోయింది. మొన్న చూస్తే మొదట్లో రెండు చిగుళ్లు వచ్చాయి. దాన్ని ఉంచాలో పీకాలో నాకు తెలియలేదు. నీళ్ల బకెట్ పట్టుకుని నిలబడి ఆవిడనే అడిగాను, పోయమంటారా అని.

ఆవిడ నా చేతిలో బకెట్ వైపు చూసింది. అది తొమ్మిదో నంబరు బకెట్.

"ఆ మొక్క మీ పద్నాలుగో నంబరుది," అంది. "మీ నీళ్లే పోసుకోండి."

వెళ్లి మన బకెట్ తెచ్చి పోశాను.

అక్క